మీ ఆయన పేరేందిమా?

ముందే చెబుతున్నాను, ఆవగింజ దొరికితే గుమ్మడికాయ చేసి చూపించే గుణం నాది. వడగట్టుకుని చదవండి.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఉండేది. ఆమె వస్తుంటే మంచాలు కూడా సర్దుకుని నిలబడేవి. థైరాయిడ్ గడ్డ తీయించుకున్న ఆడవాళ్ల మెడ కిందికి చెయ్యి పోనిచ్చి, రక్తం తడి తగులుతుందేమో చూసేది. తర్వాత ఒకటే ప్రశ్న: "మీ ఆయన పేరేందిమా?"

సొంత పేరు పెట్టి పిలిస్తే తలూపి ఊరుకుంటారట. మొగుడి పేరు అడిగితే మాత్రం "చెప్పగూడదు గదక్కా" అని నోరు విప్పుతారు. ఆపరేషన్‌లో గొంతు నరానికి దెబ్బ తగిలిందో లేదో ఆమెకు ఆ మాటలో తెలిసేది.

మా ఆవిడ పొలంలో కేకేస్తే జమ్మలమడుగులో బస్సు ఆగేది. ఆమెకూ ఆ గడ్డే తీసిన రోజు, నర్సమ్మ అడిగితే పెదవులు కదిలాయిగానీ మాట రాలేదు.

"గొంతు పోయినట్టేనా?" అని నర్సమ్మను అడిగాను.

"నువ్వు ఊరకుండప్పా. వాపుంటాది, తగ్గనీ." పూటపూటకూ వచ్చి నర్సమ్మ అదే ప్రశ్న అడిగింది.

మర్నాడు మా ఆవిడ "ఆ మనిషి పేరు చచ్చినా చెప్పను" అని అరిచిందనీ, వార్డంతా అదిరిపోయిందనీ అందరికీ చెబుతుంటాను.

నేను కల్పించింది ఆ అరుపే. నిజానికి నర్సమ్మ వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది. ఇక గొంతే రాదేమోనని భయపడిపోయిన మనిషి, పెళ్లయ్యాక మొదటిసారి, బొంగురుగా నా పేరు పలికింది.

నర్సమ్మ ఆమె చెంప నిమిరింది. "వచ్చిందిలేమా. ఇంగ చెప్పొద్దు, ఆయప్పకు కొవ్వెక్కుతాది."