మూడొద్దుల తట్టు

మా మేనత్త పోయిందని బోధన్ నుంచి పొద్దటి బస్సుకు వచ్చిన మనిషి చెప్పాడు. అప్పుడు నేను బాబుకు నీళ్లు పోస్తున్నాను. నాకు ముందుగా దుఃఖం రాలేదు. పోయేముందు కూడా వదిన మొహమే చూసుకుని ఉంటుంది అనుకున్నాను.

వదిన అంటే అత్త ఒక్కగానొక్క బిడ్డ. నాకన్నా ఏడాది పెద్దది. పుట్టుకతోనే చెవులు వినబడవు. ఆమెతో మాట్లాడేటప్పుడు అత్త వెలుతురు తన మొహం మీద పడేటట్టు తిరిగి కూర్చునేది, పెదవులు కనబడాలని. వాళ్ల ఇల్లు చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండేది. సైరన్ కూసినప్పుడల్లా అత్త చేతిలో పని వదిలి వదిన భుజం మీద రెండుసార్లు తట్టేది, కూసిందని చెప్పడానికి. వినలేని పిల్లకు సైరనెందుకని మామ నవ్వితే, "ఊరందరికి తెల్సింది నా బిడ్డకు తెల్వద్దా?" అనేది.

సెలవులకు నిజామాబాద్ నుంచి నేను పోయేదాన్ని. కాన్వెంటులో నేర్చిన పాఠాలు అత్తకు అప్పజెప్పాలని నా ఆశ. ఆమె బియ్యం చెరుగుతూ వినేది.

"అత్తా, ఇటు చూడు."

"నీకు ఇనవడ్తది గద బిడ్డా. నువ్వు చెప్పు, నేనింటున్న."

ఆ మాట నాకు ఎన్నిసార్లు ఎదురైందో. ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. అత్త చేట పక్కన పెట్టి నవ్వింది. "దూది తీస్తవా, చెవులు పిండాల్నా?" పిండినా బాగుండేది. మళ్లీ చేట అందుకుంది.

వదిన కడుపులో ఉన్నప్పుడు అత్తకు ఒంటిమీద సన్నగా ఎర్రగా పోసిందట. మూడు రోజుల్లో మాయమైంది. పక్కింటివాళ్లు చెమటకాయలన్నారు. బిడ్డ పుట్టి, ఎంత పిలిచినా తిరగకపోతే, ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ అడిగి ఆ మూడు రోజుల దగ్గర ఆగింది, కడుపులోనే బిడ్డ చెవులు పోయింది దానివల్లేనంది. అప్పటినుంచి అత్త దానికి తనే పేరు పెట్టింది, మూడొద్దుల తట్టు అని. క్వార్టర్స్‌లో ఏ కోడలు కడుపుతో ఉన్నా వెళ్లి చెప్పి వచ్చేది, ఒళ్లు పేలిన పిల్లల దగ్గరికి పోవద్దని. చాదస్తమని వెనక నవ్వేవాళ్లు.

నా పెళ్లి కుదిరిందని తెలిసి అత్త మా ఇంటికి వచ్చింది. ఆ జబ్బు రాకుండా ఇప్పుడు సూది ఉందని, ఎవరో చుట్టాలు పైదేశం నుంచి వస్తూ మంచుపెట్టిన ఫ్లాస్కులో డాక్టరమ్మకు ఒకటి తెచ్చారని చెప్పింది. ఆ ఒక్కదాని కోసం అత్త ఎన్నాళ్లుగా అడుగుతోందో మాకు తెలియదు.

అమ్మ ఒప్పుకోలేదు. "దీనికి చిన్నప్పుడే తట్టు వోసింది వదినె. యాపాకుల మీద పండవెట్టిన. మల్ల సూదెందుకు? పెండ్లి పిల్లకు సూది ఏయించిండ్రంటే అటోళ్లు ఏమనుకుంటరు?"

"గది పెద్ద తట్టు పిల్లా. నాకైంది గది గాదు. ఈ తట్టుకు మన తాన పేరే లేకుండె. పేరుంటే నేను భయపడకపోదునా?"

మర్నాడు అమ్మే నన్ను అత్త వెంట పంపింది.

ఆసుపత్రిలో సూది వేసిన తర్వాత అత్త నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. తను కూడా వెలుతురులోకి జరిగింది. వదినతో మాట్లాడినట్టే ఒక్కో మాటా నిదానంగా అంది. "డాక్టరమ్మ చెప్పినన్నాళ్లు కడుపు రావద్దు. సిగ్గువడకు. మీ ఆయనకు చెప్పు."

నా మొహం వేడెక్కింది.

"నువ్వేడ చెప్తవు! నేనే చెప్త తియ్యి."

చెప్పింది కూడా. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే పెళ్లికొడుకును పక్కకు పిలిచి చెప్పింది. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

ఆ కిటికీ దగ్గర అత్త నన్ను చూసిన చూపు నాకోసమేనని అనుకోలేకపోయాను. నాలోంచి రాబోయే బిడ్డను చూస్తోంది, ఆ బిడ్డలో వదినను చూస్తోంది అనిపించింది. వరండాలోకి రాగానే అత్త చేతులతో, పెదవులతో ముందు వదినకే అంతా చెప్పింది. వదిన నా జబ్బ మీద వాపును మెల్లగా తాకి నవ్వింది. నేను నవ్వలేదు.

తర్వాత నేను కడుపుతో ఉన్నప్పుడు మేం అద్దెకున్న ఇంటివాళ్ల పిల్లలకు ఒళ్లంతా సన్నగా పోసింది. కబురు పంపితే అత్త వచ్చింది. పిల్లల మెడల వెనక తడిమి చూసి, నా పక్కన కూర్చుంది. "గదే. రానియ్యి. నీ దాంక రాదు." ఆ రాత్రి నేను నిద్రపోయాను. నా బదులు ఆమె మేలుకుని ఉందని తర్వాత తెలిసింది.

కృతజ్ఞత లేదా అంటే ఉంది. అసూయా ఉంది. రెండూ తోడికోడళ్లలా ఒకే ఇంట్లో సర్దుకుంటున్నాయి.

అత్త కర్మ నాడు వాకిట్లో వదిన పక్కన కూర్చున్నాను. గాలిలో చెరకు మడ్డి వాసన. ఎవరి ఏడుపూ వదినకు వినబడదు, ఆమె అందరి మొహాలూ చూస్తోంది. ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఆమె భుజం తట్టేవాళ్లు లేరు. నా ఒళ్లో బాబు ఉలిక్కిపడి అటు తల తిప్పాడు.

వదిన వాడి మొహం చూసింది. వాడు తిరిగిన వైపు పొగగొట్టాన్ని చూసింది. తర్వాత చెయ్యి చాచి నా భుజం మీద రెండుసార్లు తట్టింది.