జితేందర్‌కు కుర్చీ వేయకండి

జితేందర్ ఎక్కడికి వెళ్లినా అతనికంటే ముందు కుర్చీ వస్తుంది. బ్యాంకుకు వెళ్తే కుర్చీ, పెళ్లికి వెళ్తే కుర్చీ. చావు పరామర్శకు వెళ్తే ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి మరీ కుర్చీ లాగుతారు. ఎడమ కాలు మోకాలి కింద లేదు కదా, అందుకని జాలి. ఆ జాలి అంటే అతనికి ఒళ్లు మంట. నేను చూసినంతవరకూ వేసిన కుర్చీలో అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నా పేరు వెంకన్న. మాది మిర్యాలగూడ పక్క ఊరు, నాకు వరికోత మిషన్లు ఉన్నాయి, ఓపిక మాత్రం లేదు. జితేందర్‌ది పాలకీడు మండలంలో ఒక లంబాడీ తండా. మొదట్లో అతను కోత మిషన్ డ్రైవరు. ఒకరోజు మిషన్‌లో గడ్డి ఇరుక్కుంటే, ఇంజను ఆపకుండా కాలితో తన్నాడు. అలా తన్నని డ్రైవరు మా వైపు ఒక్కడూ లేడు. అందరికీ గడ్డి వదిలింది, ఇతనికి కాలు పోయింది.

దవాఖాన నుంచి వచ్చాక ఇంట్లో కూర్చుంటాడనుకున్నాం. అవే మిషన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. మిషన్ చెడిపోయేది షెడ్డులో కాదు, మోకాలి లోతు బురదలో. అక్కడికి వెల్డింగ్ సెట్టుతో సహా పోవాలి. కట్టుడు కాలితో క్లచ్ తొక్కి చూశాడు గానీ, పెడల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ కాలికి తెలియదాయె. అప్పుడు ఎక్కడినుంచో పాత ఆటోమేటిక్ బండి తెచ్చాడు. దానికి క్లచ్ లేదు, కుడి కాలు ఒక్కటి చాలు. బురదలో నాలుగు చక్రాలూ లాగుతాయి. అది వచ్చాక అతను తోడు కోసం ఎవరినీ పిలవలేదు.

ఈసారి వానాకాలం కోతలు మొదలైన వారానికే ఆ బండి గేరుబాక్సు పోయింది. ట్రాక్టరు కట్టి సూర్యాపేటలో మల్సూర్ షెడ్డుకు లాక్కొచ్చారు. మల్సూర్ పెద్ద లారీ మెకానిక్కు. ఆటోమేటిక్ గేరు పెట్టెను విప్పడం అతనికీ కొత్తే, కానీ ధైర్యం చేశాడు. లోపలి ప్లేట్లు మార్చి మళ్లీ బిగించాడు.

ఆ రోజు నేను షెడ్డుకు ఎందుకు వెళ్లానంటే, నా మిషన్ పాలకీడు దగ్గర పొలం నడుమ ఆగిపోయింది. ఆకాశం చూస్తే తెల్లారేలోపు వాన తప్పదు. కోతల్లో ఖాళీగా ఉన్న మెకానిక్కు ఎక్కడ దొరుకుతాడు? ఆ బండి కదిలితే జితేందర్‌ను అదే బండిలో తీసుకుపోదామని నా ఆశ.

అక్కడ చూస్తే ఆశ పడేలా లేదు పరిస్థితి. జితేందర్ భార్య సుకన్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కోదాడ నుంచి పాత ఇనుము కొనే ఈదయ్య వచ్చి టీ తాగుతున్నాడు, అతని లారీ రోడ్డవతల ఆగి ఉంది. సంగతి సుకన్యే చెప్పింది.

"హుజూర్‌నగర్‌ల స్పేర్ పార్ట్‌ల దుకాణం చూసినం అన్నా. ఎండ లేదు, బురద లేదు. కూసొని అమ్ముకుంటే సాలు. ఇయ్యాల బండి కదలకపోతే ఈదయ్యకిచ్చి దుకాణంల కూసుంటనని నాకు మాటిచ్చిండు."

అతను మాట ఇచ్చాడంటే తప్పడు. పొలంలో ఉన్న నా వడ్లు గుర్తొచ్చి మబ్బు వంక చూశాను.

మల్సూర్ నాలుగు టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టాడు. జితేందర్ ఎక్కి ఇంజను వేశాడు. మల్సూర్ నూనె పుల్ల తీసి చూసి, మట్టం దిగిపోయిందని మరికాస్త నూనె పోశాడు. జితేందర్ గేరు ముందుకు వేసి బ్రేకు వదిలాడు.

బండి కదలలేదు. ఇంజను అరుస్తోంది గానీ చక్రాల్లో చలనం లేదు. రివర్స్ వేశాడు, అదీ అంతే. పక్కనున్న చిన్న లివరు చూశాడు. బురదలో నాలుగు చక్రాలకు మార్చుకునే లివరు అది. రెండు చక్రాల గీత దగ్గరే సరిగ్గా ఉంది. నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మల్సూర్ ముఖం పాలిపోయింది. "ఇంజను జోరు పెట్టెకు అందించే కన్వర్టర్ లోపలికి పోయి కూసునేటప్పుడు టక్కు టక్కుమని సప్పుడు రావాలె. ఆఖరి సప్పుడప్పుడే లారీ హారన్ కొట్టె. ఇన్ననో లేదో ఇప్పుడు యాదికొస్తలేదు. అది కూసోకుండ బోల్టులు బిగిస్తే ముందల నూనె పంపు పగుల్తది. పంపు పోతే పెట్టె ఖతమే జితేందర్."

నాకు ఒళ్లు మండింది. "యాదికి లేనోనివి ఎట్ల బిగించినవయ్యా?" అన్నాను. మల్సూర్ తల దించుకుని ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి జితేందర్ ముందు వేశాడు. జితేందర్ దాని వంక కూడా చూడలేదు.

పొద్దు వాలేదాకా తంటాలు పడ్డారు. తీగలు పీకి పెట్టారు, నూనె కారుతుందేమోనని కింద దూరి చూశారు. చుక్క కూడా కారలేదు. పడమటి మబ్బు నల్లబడుతూ వచ్చింది. ఈదయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఇక చీకటి పడుద్దండి. కోదాడ చేరాలి. ఏదో ఒకటి చెప్పండి బాబూ."

సుకన్య తమ భాషలో మొగుడితో ఏదో మెల్లగా అంది. అతను సరేనని తల ఊపాడు. ఆ ఊపు చూడలేక నేను పక్కకు తిరిగాను. జితేందర్ గేరు తీసేసి స్టీరింగు పట్టుకుంటే, అందరం కలిసి బండిని షెడ్డు బయటికి తోశాం. నిమ్మకాయలు టైర్ల కింద చితికాయి. బండి తనంతట తాను తొక్కాల్సినవి, మేం చేతులతో తొక్కించాం.

షెడ్డు ముందర నేల రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. చేతి బ్రేకు తీగ ఇంకా బిగించలేదు. లారీ వచ్చేదాకా బండి ఆగాలని జితేందర్ గేరును పార్కులో పెట్టాడు. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద అతను ఎప్పుడూ అలాగే ఆపుతాడు. పార్కులో పెడితే పెట్టె లోపలి కొక్కెం పడి బండి కదలదు. ఆ నమ్మకంతోనే బ్రేకు వదిలి, కట్టుడు కాలు కింద పెట్టి దిగబోయాడు.

బండి కదిలింది.

ముందు మెల్లగా, తర్వాత మెల్లగా కాదు. కిందనున్న కాలు నేల మీద ఈడ్చుకుపోతోంది. ఎదురుగా రోడ్డు మీద ఆర్టీసీ బస్సు వస్తోంది. జితేందర్ స్టీరింగు పట్టుకుని ఒళ్లంతా లోపలికి లాక్కుని కుడి కాలితో బ్రేకు తొక్కాడు. బండి ముక్కు రోడ్డు అంచున ఆగింది. బస్సు హారన్ మోగించుకుంటూ పోయింది. సుకన్య ఉన్నచోటే మట్టిలో కూలబడింది.

"పార్కు గూడ పట్టలే," అన్నాడు మల్సూర్. "లోపల అంత పోయింది."

"ఇక ఇనుమేనండి," అన్నాడు ఈదయ్య.

జితేందర్ బ్రేకు మీద కాలు తీయకుండా ముందుకు చూస్తూ ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మల్సూరన్నా, పొద్దున స్టార్ట్ జేసినంక నూనె దిగింది గదా?"

"దిగింది. ఇంక పోసిన."

"కింద కారలే. మరి యాడికి పోయింది? పంపు గుంజుకున్నది. పలిగిన పంపు నూనె గుంజుతదా?"

మల్సూర్ వంగి బండి కింద నేల చూశాడు.

"పార్కు కొక్కేనికి పంపుతోని పనే లేదు. పంపు పోయినా పార్కు ఆపాలె. ముందుకు పోతలేదు, ఎనక్కి పోతలేదు, పార్కుల ఆగుతలేదు. మూడు ఒక్కపారే పోతయా? పెట్టె మంచిగనే ఉన్నది. దాని జోరు చక్రాలకు అందుతలేదు. ఎనక చిన్న డబ్బా సూడు."

పెద్ద గేరుబాక్సు వెనక ఒక చిన్న డబ్బా ఉంటుంది. వెనక చక్రాలకు ఎంత, ముందు చక్రాలకు ఎంత అని పంచేది అదే. అది పట్టకపోతే పెట్టె జోరూ చక్రాలకు అందదు, పార్కు కొక్కెమూ చక్రాలను ఆపలేదు. మల్సూర్ మారుమాట్లాడకుండా టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. మేం టైర్లకు రాళ్లు అడ్డం పెట్టాం. చివరికి కింది నుంచి తనను తాను తిట్టుకోవడం వినిపించింది.

పెట్టెను పైకెక్కించేటప్పుడు షాఫ్టు తిప్పి కలుపుకోవడానికి అతనే ఆ చిన్న డబ్బాను ఎటూ పట్టని నడిమధ్యన పెట్టుకున్నాడట. అది మరిచిపోయి, పైన లివరు రెండు చక్రాల దగ్గర ఉండగా లివరును డబ్బాకు కలిపే కడ్డీ బిగించేశాడు. పైన లివరు ఒకటి చెబుతోంది, కింద డబ్బా ఇంకొకటి చేస్తోంది.

కడ్డీ ఊడదీసి, డబ్బాను చేత్తో గేరులోకి నెట్టాడు. టక్కుమంది. ఈసారి ఆ చప్పుడు అందరం విన్నాం.

"పార్కుల పెట్టిన. రాళ్లు తీసి నూకుండ్రి," అన్నాడు జితేందర్, బ్రేకు మీద కాలు ఉంచుకునే. తోశాం. కాలు తీశాడు. ఇంకా తోశాం. ఈదయ్య కూడా వచ్చి భుజం పెట్టాడు. బండి అంగుళం కదలలేదు. బండి కదలనందుకు సంతోషపడటం నా జన్మలో అదే మొదటిసారి.

కడ్డీ కొలత సరిచేసి బిగించారు, చేతి బ్రేకు తీగ కూడా తగిలించారు. ఇంజను వేసి గేరు వేయగానే బండి ఒళ్లు చిన్నగా జలదరించింది. జితేందర్ రోడ్డు మీదికి పోయి, ముందుకూ వెనక్కూ నడిపి, తిరిగొచ్చి మా ముందు ఆపాడు.

"నాకు ఇనుము దొరక్కపోదులెండి," అని ఈదయ్య నవ్వుతూ లారీ వైపు నడిచాడు.

సుకన్య లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది. ఆమె ముఖంలో సంతోషం ఉంది, భయం కూడా ఉంది. దుకాణం ఆశ ఆమెది కూడా కదా. కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

"పో. మబ్బు పట్టింది," అంది. "గని ఇంజను బందు జేయనిది మిషన్ల చెయ్యి పెట్టకు. కాలు పెట్టకు. నాకు గిదొక్క మాట ఇయ్యి."

"ఇచ్చిన," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె కళ్లు తుడుచుకుని వెనక సీటు ఎక్కింది.

నేను పొద్దుటినుంచి నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. మోకాళ్లు గుంజుతున్నాయి. మల్సూర్ వేసిన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. దాని వైపు ఒక అడుగు వేశాను. జితేందర్ వంగి నా వైపు తలుపు తీశాడు.

"గాడ గాదు వెంకన్నా. ఎక్కి గీడ కూసో. వాన రాకముందే నీ మిషన్ కాడికి పోదాం."