ఉరఫ్ పట్టని గడి

మా వయసు వాళ్లు ఈమధ్య ఫోన్లలో పాత కంప్యూటర్ల ఫొటోలు పంపుకుంటున్నారు. వెనక్కి ఉబ్బిన మానిటరు, ఫోన్ లైను మీద ఇంటర్నెట్ కలిసే ముందు వచ్చే ఆ కీచుమోత. కింద వరసగా ఎర్ర గుండె బొమ్మలు. నేను పెట్టను.

గోదావరిఖనిలో మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక కోస్తా ఇంజనీరు దగ్గర మా బాపు తీసుకున్నాడు. బాపుది బాయి పని, అంటే భూమి లోపల బొగ్గు నింపడం. మానిటరును ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అమ్మ దానికి బొట్టు పెట్టింది. మౌసు లోపలి గుండుకు బొగ్గుపొడి పట్టి బాణం కదిలేది కాదు; గోటితో గీకి తీసేవాడిని. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే క్వార్టరంతా అదిరేది. అప్పుడు మానిటరు పడకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడేవాడిని.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. గడుల పట్టికలో ఒక అంకె మారిస్తే చివరి మొత్తం దానంతట అదే మారడం మొదటిసారి చూసిన రోజు అన్నం మీదికి మనసు పోలేదు. మా క్వార్టర్ల లైనులో వాళ్లు తమ హాజరు లెక్క సరిపోతుందో లేదో చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చేవారు. ఆఫీసులో మనిషిని చూసి రాస్తారని వాళ్ల అనుమానం.

"ఇది మనిషిని చూడది బాపూ," అని గొప్పగా చెప్పేవాడిని.

ఇంటర్నెట్ పెట్టించాక బాపుకు ఈమెయిల్ తెరవబోయాను. అది పేరు అడిగింది.

"ఏ పేరు చెప్పాలె?" అన్నాడు బాపు. అమ్మ పడీ పడీ నవ్వింది.

బాపుకు రెండు పేర్లు. వయసులో ఉన్నప్పుడు వాళ్ల ఊరివాడు ఒకడికి బాయిలో పని దొరికింది. వాడు మొదటిరోజు దిగి, ఆ చీకటికి భయపడి మళ్లీ కనిపించకుండా పోయాడు. వాడి స్థానంలో వాడి పేరుతోనే బాపు దిగాడు. అప్పట్లో అట్లా దిగినవాళ్లు చాలామంది. అందుకే మా దగ్గర పెద్దవాళ్లకు బాయిల పేరు ఒకటి, ఊర్లె పేరు ఒకటి. పాత ఫైళ్లలో గుమాస్తాలు ఆ రెండు పేర్ల మధ్య 'ఉరఫ్' అని రాసేవారు. ఇద్దరూ ఒకడే అని దాని అర్థం. నా బడి సర్టిఫికెట్లో తండ్రి పేరుగా ఉన్నది ఊర్లె పేరు.

చాటింగ్ అంటే ఏమిటని బాపు ఒకసారి అడిగాడు. తలా ఒక దొంగపేరు పెట్టుకుని మాట్లాడుకుంటారని చెప్పాను.

"మరి దొరకరా?"

"ఎవలు పట్టుకుంటరే."

ఆయన నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు.

ఆ దగ్గే ముదిరింది. మెడికల్ బోర్డు ఆయన్ను అన్‌ఫిట్ చేసింది. అట్లా ఇంటికి పంపినవాడి ఉద్యోగం కొడుక్కి వస్తుంది. నాకు తెలిసిన దారి అదొక్కటే. అమ్మ అప్పటికే చుట్టాలందరికీ చెప్పేసింది.

ఆలోగా ఆఫీసువాళ్లు పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. గుమాస్తా తెరను నావైపు తిప్పాడు. బాపు వివరాల్లో బాయిల పేరు ఒక్కటే ఉంది. నా సర్టిఫికెట్‌తో కలవలేదు.

పాత ఫైలులో ఉరఫ్ అని ఉంటుంది, చూడమన్నాను.

"ఉన్నది తమ్మీ, నేనే చూసిన. గీ గడిల ఒక్క పేరే పడ్తది. ఉరఫ్ కొడ్తే తీస్కుంటలేదు. నీకు కంప్యూటర్ మస్తు వచ్చంట గద, కూసో, నువ్వే కొట్టు."

పక్క బల్ల అతను నవ్వాడు. నేను నిజంగానే కూర్చుని కొట్టాను. మధ్యలో గీత పెట్టి చూశాను, చుక్క పెట్టి చూశాను. ప్రతిసారీ ఎర్ర అక్షరాలు వచ్చాయి.

బాపుతో కలిసి పనిచేసిన కాకలు, అంటే నాకు బాబాయి వరసవాళ్లు, షిఫ్టు దిగి, మసి ముఖాలతోనే వచ్చి సాక్ష్యం చెప్పారు. యూనియన్ లీడర్లు రేపు మాపు అన్నారు. బాపు డ్యూటీ పోయింది. నాకు ఉద్యోగం రాలేదు.

చాలా రోజుల తర్వాత, వాకిట్లో మంచం మీద కూర్చుని, నావైపు చూడకుండా బాపు అన్నాడు:

"ఉరికిపోయినోడే తెలివిగల్లోడు బిడ్డా. నా ఊపిరంత వాని లెక్కల పడ్డది."

 ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన పోయాడు.

ఇప్పుడు చౌరస్తా దగ్గర ఒకరి ఇంటర్నెట్ సెంటర్లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను. పింఛను కోసమో ఆధార్ కోసమో ముసలి కాకలు వస్తారు. బాయిల పేరు వెయ్యాలా, ఊర్లె పేరు వెయ్యాలా అని ముందే అడుగుతాను. రెండూ వెయ్యి బిడ్డా, అంటారు. ఒక్కటే పడుతుందని చెబుతాను. నాకు జీతం ఇస్తున్నది ఆ మాట చెప్పడానికే.