రాచకొండ సీతాకోకచిలుకలు, నడిరోడ్డు మీద విస్తరి

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. వానలయ్యాక రాచకొండ మీదుగా సీతాకోకచిలుకలు గుంపులుగా వలస పోతాయని దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింటి యాదమ్మక్క ఊరించింది. ఇద్దరం ఎల్బీనగర్‌లో ఆటో మాట్లాడుకుని వెళ్లాం. పాత కోట గోడల్లో మొలిచిన పొదలనిండా నల్లరెక్కలు, నీలిచుక్కలు. కళ్లు తిప్పుకోలేకపోయాను.

తిరిగొస్తుంటే హయత్‌నగర్ దగ్గర వంటావార్పు. నిరసనగా హైవే మీదే వండుకుని, అక్కడే బంతులు వేసి తింటున్నారు. ఆటో ఆగిపోయింది.

యాదమ్మక్క నా చెయ్యి నొక్కింది. "జర సప్పుడు చెయ్యకు. నీ మాట ఇంటే ఆంధ్రామె అని తెలుస్తది."

నాకు ఒళ్లు మండింది. పెళ్లయినప్పటి నుంచీ ఇక్కడే బతుకుతున్నదాన్ని, బస్సుల్లో నోరు మూసుకున్నది చాలక ఇక్కడా మూగదానిలా కూర్చోవాలా? దిగి, గరిటె పట్టుకున్న పెద్దామె దగ్గరికెళ్లి గట్టిగానే అన్నాను.

"మాది తెనాలండీ. ఆకలేస్తోంది. నాకూ ఓ విస్తరెయ్యండి."

చుట్టూ తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను కదల్లేదు.

ఆమె ఎగాదిగా చూసింది. "మేం రోడ్డెక్కిందే అడుగుతందుకు బిడ్డా. నువ్వు గూడ అడిగినవ్. కూసో."

ఆ తర్వాత ఏ బస్సులోనూ నా మాట మింగుకుని కూర్చోలేదు. ఆ మాటకొస్తే, పప్పులో కారం చాల్లేదని ఆ రోజే చెప్పేశాను.