దుహా పేరు మీద మీటరు

దుహాకు తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి పోయి నాలుగేళ్లు. అప్పటి నుంచి కెఫ్ కొండ ఊళ్లో, కోట కింది వీధిలో ఆయన వదిలిన ఇంటికి కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు పెదనాన్న తిజానీయే కడుతూ వచ్చాడు. కట్టి ఊరుకునే మనిషి కాదు. రసీదు చేత్తో పట్టుకుని వచ్చేవాడు, కుర్చీ లాక్కుని కూర్చునేవాడు, దుహా కాలేజీ నుంచి వచ్చే వేళ దగ్గర్నుంచి అమ్మమ్మ మన్నూబియా పెట్టే కాఫీ దాకా ఒక్కొక్కదానికీ వంక పెట్టేవాడు. కట్టేవాడి నోటికి అడ్డేముంది? అమ్మమ్మా మనవరాలూ తలవంచుకుని వినేవారు.

ఆ నవంబరులో మాత్రం బిల్లు కట్టకుండానే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"డెబ్బై ఒక్క దీనార్లు. చూశావా? నువ్వు రాత్రింబవళ్లు లైటేసుకుని చదివే చదువు ఖరీదు ఇది. ముందు గది ఖాళీ చెయ్యి. నా ఇనప సామాన్ల కొట్లో రంగు డబ్బాలకు చోటు చాలట్లేదు."

ముందు గదిలోనే దుహా చదువుకునేది. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పేదీ అక్కడే.

"గది ఇవ్వను పెదనాన్నా."

"ఇవ్వకపోతే బిల్లెవరు కడతారు, మీ అమ్మమ్మా?"

దుహా బల్ల మీది కాగితం తీసి మడిచి, లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. "ఇకనుంచి నేను కడతాను."

తిజానీ పకపకా నవ్వాడు. "ఆ స్టైపెండుతోనా? అది నీ చెప్పుల అరుగుదలకు చాలదే!"

స్టైపెండు మూడు నెలలకోసారి వచ్చేది, రెండు వందల నలభై దీనార్లు. అమ్మమ్మ పింఛనూ పాఠాల డబ్బులూ రొట్టెకూ నూనెకూ సరిపోయేవి. బిల్లులు, గ్యాసు బండ, బస్సు, జిరాక్సు కాగితాలు అన్నీ ఆ రెండు వందల నలభైలోనే ఇమడాలి. ఇమడవని మొదటి రాత్రే తేలింది. వచ్చేదాన్ని పెంచడం తన చేతుల్లో లేదు కనుక పోయేదాన్ని పట్టుకుంది. డిసెంబరు రాగానే ఫ్రిజ్ తీగ పీకేసింది. రాజధాని ట్యునిస్ వాళ్లు నమ్మరు గానీ మా కెఫ్ చలిలో కిటికీ బయట పెట్టిన వెన్న రాయిలా బిగుసుకుంటుంది. కరెంటు హీటరు అటకెక్కింది, బొగ్గుల కుంపటి కిందికి దిగింది. చదువూ వంటా ఒక్క బల్బు కిందే.

మన్నూబియా రెండు దుప్పట్లు కప్పుకుని సణిగేది: "నన్ను కూడా ఆ వెన్న పక్కన పెట్టవే, చెడిపోకుండా ఉంటాను."

"నువ్వు చెడిపోవడానికి ఏం మిగిలింది అమ్మమ్మా, ఒక్క నోరే కదా!"

సణిగినా ఆ ముసలమ్మ హీటరు దించమని ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాతి బిల్లు నలభై మూడుకు దిగింది. కానీ ఫిబ్రవరిలో స్టైపెండు రాలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే కాలేజీలో భుజాలెగరేశారు. దుహా పాఠాలు చెప్పే పిల్లల ఇళ్లకు వెళ్లి, మొహమాటం చంపుకుని నెల జీతం ముందే అడిగింది. ఇద్దరూ చెరి ముప్పై ఇచ్చారు. మర్నాడు గడువు. వానలో తడుస్తూ కరెంటాఫీసుకు పోయి కిటికీ దగ్గర నిలబడితే గుమాస్తా బిల్లు చూసి వెనక్కి తోశాడు.

"నిన్ననే కట్టేశారమ్మా."

"ఎవరు కట్టారు?"

"తిజానీ గారు. మీటరు ఆయన పేరు మీదే కదా ఉంది."

తండ్రి పోయిన హడావుడిలో పెదనాన్న మీటరును తన పేరుకు మార్పించుకున్నాడని దుహాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు కట్టాడంటే గది కోసమే. ఇంటికి పరుగెత్తింది.

వీధిలో తోపుడుబండి నిండా రంగు డబ్బాలు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని మన్నూబియా కూర్చుంది. ఇద్దరు కూలీలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు.

"బిల్లు కట్టాను కాబట్టి సామాను దింపమన్నాడట! దింపండి నాయనా. ముందు నన్ను ఎత్తి పక్కన పెట్టండి. జాగ్రత్త, ఎముకలు విరిగితే వాటి బిల్లు కూడా ఆయనకే."

కూలీలు బండి తిప్పుకున్నారు. దుహా ఆ బండి వెనకాలే పెదనాన్న కొట్టుకు నడిచింది. నలుగురైదుగురు బేరగాళ్లు మేకులూ పైపులూ తూకం వేయిస్తున్నారు. వాళ్ల ముందే నలభై మూడు దీనార్లు లెక్కపెట్టి త్రాసు పక్కన పెట్టింది.

"నా బిల్లు డబ్బులు. రసీదు రాయి పెదనాన్నా."

"మనలో మనకు రసీదేమిటే?" తిజానీ గొంతు తగ్గించాడు.

"మనలో మనకు బిల్లుకు బదులు గదేమిటి మరి?"

పైపు కొనే ముసలాయన కిసుక్కున నవ్వాడు. తిజానీ చెవులు ఎర్రబడ్డాయి. "నీ తండ్రి ఉంటే సిగ్గుపడేవాడు," అన్నాడు.

"మా నాన్న ఉంటే నువ్వు బండి పంపేవాడివి కాదు."

అతను కాగితం మీద నాలుగు గీతలు గీకి విసిరాడు. దుహా వంగి ఏరుకుంది. వంగడానికి సిగ్గుపడలేదు.

మార్చిలో స్టైపెండు పడగానే వారసత్వ కాగితాలు పట్టుకుని మీటరు తన పేరుకు మార్పించుకుంది. దానికి కట్టిన డిపాజిట్టు దెబ్బకు నెల రోజులు కాలేజీకి నడిచింది. కొండ దిగడం, కొండ ఎక్కడం. మడమలు పుళ్లు పడ్డాయి. ఒక పరీక్ష పోయింది కూడా. పోయిన పరీక్ష సెప్టెంబరులో మళ్లీ రాసింది.

వేసవి రాగానే ఫ్రిజ్ పెట్టక తప్పలేదు, బిల్లు మళ్లీ పెరిగింది. అప్పుడు ముందు గదిలోకి సిలియానా ఊరి నుంచి వచ్చిన తోటి విద్యార్థినిని అద్దెకు తెచ్చుకుంది. బిల్లుల్లో మూడో వంతు ఆ పిల్లది.

ఈ మాట విని తిజానీ బజారులో దుహాను ఆపాడు. "సొంత పెదనాన్నకు లేని గది ఊరుపేరు తెలియని పిల్లకు ఉందా?"

"ఆ పిల్ల తన వంతు కడుతుంది పెదనాన్నా. కట్టి నోరు మూసుకుంటుంది."

ఆ తర్వాత అతను చాలా నెలలు ఆ గడప తొక్కలేదు. తొక్కిన రోజున మన్నూబియా కాఫీ పోసి ముందు పెట్టింది. పల్చగా ఉందనుకున్నాడేమో, మొహం చిట్లించాడు గానీ ఏమీ అనకుండా తాగి వెళ్లాడు.