పందిళ్లమ్మ మొక్కు

ఆ రోజుల్లో మా వైపు ఆడది ఊరు కదలాలంటే బంధువుల్లో ఎవరో ఒకరు పెళ్లన్నా చేసుకోవాలి, చచ్చిపోనన్నా పోవాలి. ఈ రెండూ లేనప్పుడు ఏ దేవుడికైనా మొక్కుకుని ఉండాలి. ఊరికే చూసి రావడానికి పోవడమనేది మగవాళ్లకూ మేకలకూ మాత్రమే ఉన్న సౌకర్యం. ఇప్పుడు మా వీధి పిల్లలు టీ తాగడానికని దోర్నాల దాకా బండేసుకుని పోయి, తాగబోయే టీని ఫోటో తీసుకుని మరీ వస్తుంటే నేను అరుగు మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తాను. (తప్పు పట్టడం లేదు. అసూయ, అంతే.) నేను కూడా ఆ వయసులో ఒక ఊరు చూసి రావాలని పథకం వేశాను. మామూలు పథకం కాదు, గట్టిది. ఎంత గట్టిదంటే, దాని పుణ్యాన నేను తప్ప మా వాళ్లందరూ ఆ ఊరు చూసి వచ్చారు.

అప్పుడు నాకు ఇరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. మార్కాపురంలో పలకల షెడ్డులో పని. మగవాళ్లు రాయిని పలచగా చీల్చి కోసి ఇస్తే, మేము రుద్ది నునుపు చేసి చెక్క చట్రాల్లో బిగించేవాళ్లం. (ఎంతమంది పిల్లలు నా పలక మీద అ ఆలు దిద్దారో గాని, నేను వాటిని తుడవడమే తప్ప వాటి మీద గీత గీసి ఎరగను. నలభై దాటాక పొదుపు సంఘం వాళ్లు సాయంత్రం బడి పెడితే అప్పుడు దిద్దుకున్నాను.) షెడ్డుకు రేకుల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం దాని కింద కూర్చుంటే పెనం మీద రొట్టెల్లా కాలేవాళ్లం. నా పక్కన కూర్చునే ఆమెను అందరూ రేడియో పిన్ని అనేవాళ్లు. ఆమె తమ్ముడు లారీ డ్రైవరు. అతను దేశం మీద ఎక్కడ ఏం చూసినా మరునాటికి ఆ వార్త మా షెడ్డులో వినిపించేది.

ఒకరోజు పిన్ని కొంగులో మూట కట్టుకుని నల్ల ద్రాక్షలు తెచ్చింది. గిద్దలూరు దాటి, నల్లమల ఎక్కి దిగి, నంద్యాల కూడా దాటి అనంతపురం వైపు పోతే ఒక పాతకాలపు ఊరు ఉందట. దానికి అసలు పేరొకటి ఉంది గాని మేము ద్రాక్షల ఊరు అనే అనేవాళ్లం. పాత కోట గోడలు, దొరలు కట్టిన బంగళా, ఆ బంగళా కింద భూమిలోకి రాతి మెట్లు, మెట్లు దిగితే చీకటి గది, ఆ గది నిండా పెద్ద పెద్ద పీపాలు. ద్రాక్షరసం వాటిలో ఏళ్ల తరబడి ఊరితే వైన్ అవుతుందట. చూడ్డానికి వచ్చినవాళ్లకు చిన్న గ్లాసుల్లో రుచి కూడా చూపిస్తారట.

వీటిలో ఏదీ నాకు పట్టలేదు. పిన్ని చివర్లో చెప్పిన ఒక్క ముక్క పట్టింది.

"తోటలంతా పందిళ్లేనంట మ్మే. మన తలపైన ఆకు, ఆకులో నుంచి గుత్తులు. ఈ చివర దూరితే ఆ చివర దాకా నీడలోనే నడిచి పోవచ్చంట. కొంగు కప్పుకునే పనే లేదు."

నీడలో నడవడం! మా ఊళ్లో నీడంటే గోడ పక్కన మూరెడు వెడల్పున ఉండేది, అది కూడా కుక్క లేచిపోయాకే మనకు దొరికేది. నాకు ఆ రాత్రి నుంచి ఒకటే ధ్యాస. ఒక్కసారి ఆ పందిరి కింద ఈ చివర నుంచి ఆ చివరకు తల మీద కొంగు లేకుండా నడవాలి. అంతే. అది చాలు.

"పోదాం పిన్నీ," అన్నాను మరునాడు. "తెల్లవారుజామున లేచి పోతే రాత్రికి వచ్చేయొచ్చు గదా."

"పోవచ్చు. ఏం చెప్పి పోతావు? మీ అత్తకు ద్రాక్షలు చూసొస్తానని చెప్తావా?"

ఇద్దరం నెలల తరబడి పలకలు రుద్దుతూ రుద్దుతూ కారణం వెతికాము. పెళ్లి అంటే శుభలేఖ ఏదీ అని అడుగుతారు. చావు అంటే అందరూ ఏడ్చుకుంటూ వెనకాలే వస్తారు. ఆసుపత్రి అంటే మా అత్త నాలుక చాపమని తనే చూసి మందు చెబుతుంది. మిగిలింది మొక్కు. మొక్కుకు అడ్డం చెప్పే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. పైగా ఆ వానాకాలంలో మా పిల్లోడికి జ్వరం వచ్చి తగ్గింది కూడా. అన్నీ కలిసొచ్చాయి, దేవత ఒక్కటే తక్కువ. పిన్ని తల పైకెత్తి రేకుల వైపు చూసి, "పందిళ్లమ్మ," అంది. ఎంత సహజంగా అందంటే, నేను చేతిలో పలక పక్కన పెట్టి దండం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మా అత్త బర్రెకు కుడితి కలుపుతుండగా మెల్లగా మొదలుపెట్టాను. "అత్తా, పిల్లోడికి జ్వరమొచ్చినప్పుడు నేనొక మొక్కు మొక్కుకున్నా."

"ఏ సామికి?"

"పందిళ్లమ్మ తల్లికి. అనంతపురం పక్క."

అత్త చెయ్యి ఆగింది. ఆ పేరు ఎప్పుడూ వినలేదని ఒప్పుకోవడం ఆమె వల్ల కాదు. మా అత్తకు తెలియని దేవత ఉంటే అది ఆ దేవత తప్పు. "ఆఁ, ఆఁ, శానా మహిమ గల తల్లి," అంది. "ఏం మొక్కినావు?"

ఇక్కడ నా పథకంలో చిన్న లోపం బయటపడింది. ఏం మొక్కుకున్నానో మేము అనుకోలేదు. నోటికొచ్చింది అన్నాను. "టెంకాయ కొడతానని..."

"ఒక్క టెంకాయా?" అత్త కుడితి కర్రతో సహా లేచి నిలబడింది. "బిడ్డ పానానికి ఒక్క టెంకాయా? ఆ తల్లి ఏమనుకుంటది మన ఇంటి గురించి? ఏమ్మే, నీ పుట్టింటోళ్ల పిసినారితనం దేవుళ్ల కాడ కూడా చూపిస్తివే!"

ఆ రాత్రికే టెంకాయకు పిల్లోడి తలవెంట్రుకలు కలిశాయి. మరునాటికి ఒక కోడి కలిసింది. ఆ మరునాడు అర్ధవీడులో మా అత్త తమ్ముడికి కబురు పోయింది. ఆయన గొర్రెల మనిషి. పొట్టేలు లేనిదే దేవత ముఖం చూడకూడదన్నాడు. బేస్తవారిపేట నుంచి మా అత్త చెల్లెలు, తన మోకాళ్ల నొప్పులకు కూడా అదే తల్లికి మొక్కుకున్నానని, ఎప్పుడో మొక్కుకుని మరిచిపోయానని చెప్పి వచ్చింది. ఇంటిల్లిపాదీ పందిళ్లమ్మ మహిమలు చెప్పుకుంటుంటే నాకు భయమేసింది. కొన్ని మహిమలు ఎంత బాగున్నాయంటే నేను కూడా సగం నమ్మాను.

మేము మాట్లాడుకున్న జీపు ఒకటే. మొదట షెడ్డు ఆడవాళ్లం ఆరుగురం అనుకున్నాం. చుట్టాలు పెరిగేకొద్దీ మేము తరిగాము. చివరికి నేనూ పిన్నీ మిగిలాము. బయల్దేరే ముందు రోజు అర్ధవీడు మామ పొట్టేలును తోలుకుని వచ్చాడు. కొమ్ములు తిరిగిన పొట్టేలు, రాజులా ఉంది. జీపు వెనక అది పడుకుంటే ఇద్దరు మనుషుల చోటు పట్టింది. పిన్నికి దొరకని సీటు పొట్టేలుకు దొరికింది.

"నువ్వన్నా పో మ్మే," అంది పిన్ని. "పోయి, చూసొచ్చి చెప్పు. ఇన్నాళ్లూ నేను చెప్తే నువ్వు విన్లేదా."

కాని ఆ సాయంత్రం అత్త నన్ను పిలిచి, ఎంతో ప్రేమగా చెప్పింది. "రేపు బర్రెకు ఎవురు పాలు పిండతారు? అది నీ చెయ్యి తప్ప పట్టనీదు గదా. నువ్వుండు."

"అత్తా, మొక్కుకున్నది నేను గదా!"

"మొక్కుకున్నది నువ్వే. బతికింది నీ కొడుకు. వాడు వస్తన్నాడు గదా. అమ్మకు వాడు కావాల గాని నువ్వేం చేసుకోను?"

మా ఇంటాయన వైపు చూశాను. ఆయన చాలా సేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, "అమ్మ చెప్పింది కరెక్టే," అన్నాడు. అయితే అసలు ఎవరూ పోవద్దని, మొక్కు వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామని చివరి ప్రయత్నం చేశాను. మొక్కు వాయిదా వేస్తే ఆ తల్లి ఏం చేస్తుందో బేస్తవారిపేట పిన్నత్త వివరంగా చెప్పింది. విన్నాక ఆ తల్లిని పుట్టించిన నాకే చెమటలు పట్టాయి.

తెల్లవారకముందే జీపు పోయింది. నేను బర్రెకు పాలు పిండాను. రేడియో పిన్ని వచ్చి గడప మీద కూర్చుంది. ఇద్దరికీ ఒకటే భయం. అక్కడ గుడి ఉండదు. అమ్మ ఉండదు. మా అత్త పొట్టేలుతో సహా ఊరంతా తిరిగి, పందిళ్లమ్మ గుడి యాడని అందరినీ అడిగి, చివరికి తిరిగొచ్చి నన్ను అడుగుతుంది. పుట్టింటికి పంపడం ఖాయం. "పంపితే మంచిదేలే, అట్లన్నా ఒక ఊరు చూస్తావు," అంది పిన్ని. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు జీపు వచ్చింది. మొదట పొట్టేలు దిగింది, ప్రాణాలతో. తరువాత మా అత్త దిగింది. ముఖం ఎర్రగా వెలిగిపోతోంది. నన్ను చూసి నవ్వింది. (కాపురానికి వచ్చినప్పటి నుంచి అదే మొదటిసారి.) నా బుగ్గలు రెండూ పట్టుకుని, "ఎంత మంచి తల్లిని చూపిస్తివే కోడలా!" అంది.

"గుడి దొరికిందా అత్తా?" అన్నాను.

"దొరక్కేమి? ఎవురినీ అడగనే లేదు. జనం యాడ లైను కట్టినారో ఆడికి పోయినాం. గుడి భూమిలో ఉండాది. రాతిమెట్లు దిగి పోవాల. లోపల సల్లగ, సీకటిగ, మన భైరవకోన గుహల మాదిరి. అమ్మ కనపడదు, పీపాల ఎనక ఉంటదేమో. మెట్టు మీదనే టెంకాయ కొడితి. ఒకాయన ఏందేందో అరిసినాడు, ఆ పక్క మంతరాలేమో. పూజారి టోపీ పెట్టుకోనుండాడు. తీర్థం ఎర్రగుండాది మ్మే! పుల్లగ, ఒగరుగ. గలాసులో ఇయ్యబోతే నేను ఒప్పుకుంటినా? తీర్థం గలాసులో తాగుతారా ఎవురన్నా? సెయ్యి పట్టినా. మూడు మాట్లు పట్టినా. మోకాళ్ల నొప్పులు యాడ పోయినాయో!"

"నాకూ పోయినాయక్కా," అంది బేస్తవారిపేట చెల్లెలు, జీపును పట్టుకుని నిలబడి.

పొట్టేలును ఎందుకు కొయ్యలేదంటే, టోపీ పూజారి వద్దన్నాడట. ఆ తల్లి ద్రాక్షలు తప్ప ఏమీ ముట్టదని అత్త అర్థం చేసుకుంది. ఈ బేరం తేలేలోపల పొట్టేలు తాడు తెంపుకుని తోటలో దూరి, పందిరి కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిగెత్తిందట. తోటవాళ్లు వెంటబడి పట్టుకున్నారట. నేను కలలో నడిచిన దారి అంతా పొట్టేలు నడిచి వచ్చింది. నా వైపు చూస్తూ తాపీగా నెమరు వేస్తోంది. ఏం నెమరు వేస్తోందో నాకు తెలుసు.

మా ఇంటాయన ఆ పాటికి పొట్టేలును గుంజకు కట్టేస్తున్నాడు. ఆయనకు తీర్థం తెలుసు, పీపాలూ తెలుసు. తాడు ముడి బిగించి, "మహిమ గల తల్లే. ఏటా పోయి వస్తే మంచిది," అన్నాడు.

అట్లాగే పోయారు. ఏటా పోయారు. జీపు పోయి టెంపో వచ్చింది. మా వీధిలో మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లందరూ భక్తులయ్యారు. ఎవరెవరు పోయినా బర్రె మాత్రం నా చెయ్యే అడిగేది. ఆ బర్రె పోయాక దాని దూడ కూడా అదే బుద్ధి నేర్చింది. అత్త ఏటా నాకు ప్రసాదం అని ద్రాక్షగుత్తి తెచ్చేది, సంచి అడుగున నలిగి, సగం రసమై. కళ్లకద్దుకుని తినేదాన్ని. నిజం చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. కాని ఆమె నన్ను చూసి నవ్వేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను. ఆమె పోయినప్పుడు కూడా చుట్టాలు, "పందిళ్లమ్మ దగ్గరకే పోయింది," అని చెప్పుకుని ఏడ్చారు. పిన్నీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మొన్న మా కోడలు ఫోన్ చూస్తూ ఉండి, "అత్తమ్మా, ఆదివారం ద్రాక్షతోటలు చూసొద్దామా?" అంది. అదే ఊరు.

"ఏం పనుందమ్మా ఆడ?" అన్నాను.

"పనేముంది? ఊరికే."

"ఊరికేనా?" అన్నాను. అన్న తరువాత ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టాను. అచ్చం మా అత్తే. కుడితి కర్ర ఒక్కటే తక్కువ.

నేను షెడ్డులో నెలలు పట్టి వేసిన పథకం మా కోడలు కుక్కర్ దించేలోపల వేసేసింది. ఆదివారం తెల్లవారుజామున కారు ఎక్కాము. (బర్రెలు ఇప్పుడు లేవు. పాలు ప్యాకెట్లో వస్తాయి, ఎవరి చెయ్యి అయినా పట్టనిస్తాయి.) ఎక్కే ముందు ఏదో మరిచిపోయానని లోపలికి పోయి, ఎవరూ చూడకుండా ఒక టెంకాయ సంచిలో వేసుకున్నాను. ఎందుకని మీరు అడగొద్దు. వట్టి చేతులతో కాలు గడప దాటలేదు.

పందిళ్లు ఉన్నాయి. కాని మనిషి ఎత్తుకు కొంచెం తక్కువ. నడుం వంచుకుని నడవాలి. కాపు అయిపోయింది, గుత్తులు లేవు, ఆకే. (ఆ పొట్టేలు ఎత్తుకు సరిగ్గా సరిపోయి ఉంటుంది.) అయినా కొంగు తీసి, వంగి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నడుం పట్టేసింది. నీడ మాత్రం పిన్ని చెప్పినంత చల్లగానే ఉంది.

తరువాత బంగళా దగ్గరకు పోతే, కిందికి దిగే రాతిమెట్ల పక్కన ఎర్ర అక్షరాల బోర్డు కనిపించింది. బోర్డు కనబడితే చదవకుండా దాటను నేను, లేటుగా నేర్చుకున్న పిచ్చి. కూడబలుక్కుని పైకే చదివాను. "ఇచ్చట టెంకాయలు కొట్టరాదు. మెట్లకు పసుపు, కుంకుమ పూయరాదు. జీవాలను లోపలికి తోలుకొని రారాదు."

మా కోడలు పగలబడి నవ్వింది. "వైన్ దాచే చోట టెంకాయలు ఎవరు కొడతారు అత్తమ్మా?"

"ఏమో తల్లీ," అని సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. లోపల టెంకాయలో నీళ్లు గలగలమన్నాయి.

మెట్లు దిగాము. చల్లగా, చీకటిగా, మా అత్త చెప్పినట్టే ఉంది. పీపాల ముందు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా కోడలికి చిన్న గ్లాసు ఇచ్చాడు. నా వంతు వచ్చింది. గ్లాసు తీసుకుందామనే అనుకున్నాను, నిజంగా. చూసుకుంటే నా కుడిచెయ్యి తీర్థానికి పుడిసిలి పట్టి ఉంది, ఎడమచెయ్యి దాని కింద ఉంది. ఆయన నా ముఖం చూశాడు, భుజాన సంచి చూశాడు, ఒక్క మాటా అడగకుండా, మూడుసార్లు, కొంచెం కొంచెంగా పోశాడు.

పుల్లగా, వగరుగా ఉంది. తాగి, తడిచెయ్యి తల మీద రాసుకున్నాను.