సూసన్న అభ్యంతరం

ఇంకా పగలని వస్తువులో పగులు వెతికే మనిషిని ఏమనాలి? ఇంత వయసొచ్చినా నాకు జవాబు దొరకలేదు. మా సూసన్న అలాంటివాడు. ఖరగ్‌పూర్ రైల్వేలో ముప్పయ్యారేళ్లు, బండి కదిలేముందు చక్రాలను సుత్తితో తట్టి చూశాడు. రిటైరయ్యాక చక్రాలు దొరక్క లోకాన్ని తట్టడం మొదలుపెట్టాడు.

ఖరగ్‌పూర్‌లో మా పేట మలంచాలో ఆటో ఎక్కాలంటే ముందు టైరు తట్టేవాడు. "దాదా, ఇది సిక్. నానెక్కను." రైల్వేవాళ్ల మాటల్లో సిక్ అంటే నడపడానికి పనికిరానిదని. ఆటోవాడు బెంగాలీలో తిట్టుకుంటూ పోయేవాడు. మా వీధిలో మీనాకుమారి అనే పిల్ల పెళ్లిలో సాంబారు గుండిగ తట్టి, "ఫిట్!" అని అతను ప్రకటించేదాకా వడ్డన మొదలవలేదు.

వీధిలో తట్టడానికేమీ మిగలక ప్రభుత్వ ప్రకటనల మీద పడ్డాడు. అభయారణ్యాల అంచున గనులకో చమురు బావులకో ముసాయిదా నిబంధనలు వస్తే, అభ్యంతరాలు చెప్పమని జనానికి అరవై రోజులు గడువిస్తారు. ఆ గడువు తనొక్కడికే ఇచ్చారనుకునేవాడు. అతను చెప్పేవాడు, బడిపంతులుగా చేసినవాణ్ణి కనక నేను ఇంగ్లీషులో రాసేవాణ్ణి.

"నువ్వెప్పుడైనా అడవి మొహం చూశావా?" అన్నానోసారి.

"నాను తట్టిన బళ్లన్నీ నానెక్కి తిరిగినానేటి, మాస్టారూ?"

ఈ వానాకాలం అస్సాంలో ఒక అడవి అంచున ఉన్న చమురు బావుల మీద ముసాయిదా వచ్చింది. మా పక్కింటి కనకమ్మ కొడుకు గోపి పనిచేసేది ఆ బావుల దగ్గరే. ఆ ఇల్లు గడిచేది వాడి జీతం మీదే. సంగతి తెలిసి కనకమ్మ వానలో తడుస్తూ వచ్చింది.

"అన్నా, నీ కాయితానికి ఆ బావి మూసీస్తే నా పిల్లోడు ఏటైపోవాల? జింకలకి నువ్వున్నావు. ఆడికెవలున్నారు?"

"ఆడికి ఫోన్ సెయ్యి," అన్నాడు సూసన్న.

గంటసేపు గోపిని ప్రశ్నలతో తట్టాడు. గ్యాసు తన్నుకొస్తే ఆపే వాల్వు ఎవరు చూస్తారు? ఆఖరిసారి ఎప్పుడు చూశారు?

"అది సరిగ్గా పట్టట్లేదు మావయ్యా. పనాపమంటే ఇంటికి పొమ్మంటారు."

కనకమ్మ ఫోన్‌కి చెవి ఆనించింది. సూసన్న ఫోన్ గట్టిగా పట్టుకున్నాడు. "ఒరే, ఆ వాల్వు మార్సేదాకా జొరమని సెప్పి తొంగో. మీ యమ్మ మీదొట్టు."

ఆ రోజు నా చేత రాయించిన అభ్యంతరంలో జింక లేదు, పులి లేదు. "రైల్వేలో చక్రం తట్టేవాడు సిక్ అంటే, ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా బండి కదలదు. బావి దగ్గర వాల్వు చూసే పనివాడికీ అదే అధికారం ఇవ్వాలి. పని ఆపినందుకు వాడి ఉద్యోగం తియ్యకూడదు." అంతే.

"మరి అడవో?"

"బావి పేల్తే ముందు మాడేది పిల్లోడు. ఆ ఎనక అడివి. ఇద్దరికీ ఒకటే వాల్వు మాస్టారూ."

ఆ కాగితం ఎవరైనా చదువుతారని నాకు నమ్మకం లేదు. అతనికీ లేదు కాబోలు, గౌహతిలో జరిగే బహిరంగ విచారణకు తనే పోతానన్నాడు.

ముసురుపట్టిన మధ్యాహ్నం, చెప్పకుండానే బయల్దేరాడని తెలిసి నేనూ కనకమ్మా స్టేషన్‌కి పరుగెత్తాం. గౌహతి బండి అప్పటికే కదిలింది. కిటికీలో సూసన్న ఆ కాగితం విప్పి ఎదుటివాడికి ఏదో నూరిపోస్తున్నాడు. "అన్నా!" అని కనకమ్మ కేకేసింది. మావైపు చూస్తేనా!

"ఎల్లొస్తానని ఒక్క మాటన్నాడా, సూడండి! బుద్ధిలేని మనిషి!" అని తిట్టింది కనకమ్మ. తిడుతూనే, ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.